చవక ఎస్‌డీఆర్‌తో టీవీ సిగ్నల్‌ను పరిశీలించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎస్‌డీఆర్ డాంగిల్ (యూఎస్‌బీకి తగిలించే చిన్న రేడియో పరికరం) చేతికి రాగానే అందరికీ వచ్చే మొదటి ఆలోచన, దీంతో టీవీ చూడొచ్చా అని. చూడటమే కావాలంటే సెట్‌టాప్ బాక్స్ నయం, రిమోట్ కూడా ఇస్తారు. ఈ చిన్న పరికరం పనికొచ్చేది కొలవడానికి. సిగ్నల్ ఎంత వెడల్పుంది, ఎక్కడ దెబ్బతింటోంది, ఏ పద్ధతిలో పంపుతున్నారు అనేవి తేల్చడానికి. కింది జవాబులన్నీ ఆ దృష్టితోనే ఉంటాయి.

ఎస్‌డీఆర్ అంటే ఏంటి? దానికీ టీవీ డాంగిల్‌కీ ఏం సంబంధం?

మామూలు రేడియోలో స్టేషన్‌ను పట్టుకోవడం, వడకట్టడం, శబ్దాన్ని విడదీయడం అన్నీ సర్క్యూట్లే చేస్తాయి. ఎస్‌డీఆర్, అంటే సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ రేడియోలో సర్క్యూట్ పని సిగ్నల్‌ను అంకెలుగా మార్చి కంప్యూటర్‌కు అందించడంతో అయిపోతుంది. మిగతాది ప్రోగ్రామ్ చూసుకుంటుంది.

చవక ఎస్‌డీఆర్ అనగానే వినిపించే పేరు ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్. లోపల ఉండేది రియల్‌టెక్ వాళ్ల ఆర్‌టీఎల్2832యూ చిప్. డీవీబీ-టీ (భూతల డిజిటల్ టీవీ పద్ధతి) ప్రసారాలున్న దేశాల్లో ల్యాప్‌టాప్‌లో టీవీ చూసుకోవడానికి అమ్మిన సరుకు ఇది. అయితే ఎఫ్‌ఎం, డీఏబీ (డిజిటల్) రేడియో వినడం కోసం ఇందులో ఇంకో దారి కూడా పెట్టారు. ఆ మోడ్‌లో చిప్ ఏమీ డీకోడ్ చేయదు, పచ్చి శాంపిళ్లను (సిగ్నల్‌ను కొలిచిన అంకెలను) అలాగే యూఎస్‌బీలోకి తోసేస్తుంది. 2012లో లైనక్స్ డ్రైవర్లు రాసే ఆంటీ పాలోసారి ఈ సంగతి బయటపెట్టారు. తర్వాత ఓస్మోకామ్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ వాళ్లు దానికి డ్రైవర్ రాశారు. దాంతో టీవీ డాంగిల్ కాస్తా ప్రపంచంలోకెల్లా చవకైన స్పెక్ట్రమ్ పరికరం అయి కూర్చుంది.

టీవీ కోసం చేసిన డాంగిలే కదా, ఎస్‌డీఆర్‌గా వాడితే టీవీ ఛానల్ మొత్తం ఎందుకు రాదు?

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. టీవీ మోడ్‌లో 8 మెగాహెర్ట్జ్ ఛానల్ మొత్తాన్ని చిప్ తనలోపలే డీకోడ్ చేసుకుని, బొమ్మా శబ్దం ఉన్న డేటాను మాత్రమే బయటికి పంపుతుంది. ఎస్‌డీఆర్ మోడ్‌లో ఆ డీకోడర్‌ను వాడం. పచ్చి శాంపిళ్లు వచ్చే దారి రేడియో కోసం పెట్టింది కాబట్టి ఇరుకు. సెకనుకు 24 లక్షల శాంపిళ్ల వరకు నమ్మకంగా వస్తాయి. 32 లక్షల దాకా పెట్టుకోవచ్చు గానీ మధ్యలో కొన్ని జారిపోతాయి. అంటే ఒకేసారి కనిపించేది 2.4 మెగాహెర్ట్జ్ వెడల్పు కిటికీ. ఎనిమిదిలో మూడో వంతు కూడా కాదు.

డిజిటల్ టీవీలో సమాచారం ఛానల్ పొడవునా పరిచి ఉంటుంది. మూడో వంతు కోసి తెస్తే మూడో వంతు బొమ్మ రాదు, అసలేమీ రాదు. కానీ కొలతలకు ఆ ముక్క చాలు. డాంగిల్‌ను కొంచెం కొంచెం జరుపుతూ ఛానల్ మొత్తం రూపాన్ని అతికించుకోవచ్చు. కొన్ని విషయాలైతే ఒక్క ముక్కలోనే బయటపడతాయి, కింద చెబుతాను.

ఇదే డాంగిల్‌ను పాత టీవీ మోడ్‌లో పెడితే మన దేశంలో దూరదర్శన్ డిజిటల్ వస్తుందా అని కూడా అడుగుతుంటారు. రాదు. దూరదర్శన్ వాడేది డీవీబీ-టీ2. ఆర్‌టీఎల్2832యూకు తెలిసింది పాత డీవీబీ-టీ ఒక్కటే.

మన దగ్గర గాలిలో టీవీ సిగ్నల్ ఇంకా ఉందా?

అనలాగ్ దాదాపు పోయింది. సరిహద్దుల్లాంటి కీలక ప్రాంతాల్లో ఓ యాభై వరకు ఉంచి, మిగతా అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను 2022 మార్చి 31కల్లా ఆపేస్తామని ప్రసార భారతి 2021లో ప్రకటించింది. దూరదర్శన్ డిజిటల్ భూతల ప్రసారాలు 2016లో 16 నగరాల్లో మొదలయ్యాయి. మనకు దగ్గర్లోవి చూస్తే ఆ జాబితాలో చెన్నై, బెంగళూరు ఉన్నాయి. ఆ నగరాల్లో ఉండే తెలుగువాళ్లకు యూహెచ్‌ఎఫ్ టీవీ బ్యాండ్‌లో పరిశీలించడానికి అసలైన సరుకు ఉంది. మిగతావాళ్లు 470 మెగాహెర్ట్జ్ నుంచి పైకి ఒకసారి వెతికి చూడండి. ఏమీ కనిపించకపోతే కేబుల్ ఉంది, పాత వీసీఆర్ ఉంది. వాటి సంగతి తర్వాత.

ఏది కొనమంటారు?

మొదటిసారైతే ఆర్820టీ2 లేదా ఆర్828డీ ట్యూనర్, ఒక పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు తప్పు) టీసీఎక్స్‌ఓ (వేడి మారినా నిలకడగా ఉండే క్రిస్టల్) ఉన్న ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ చాలు. టీసీఎక్స్‌ఓ లేనిది ఇంకా చవకే, కానీ ఫ్రీక్వెన్సీ కొలతల్లో ఏడిపిస్తుంది.

ఛానల్ మొత్తం ఒకేసారి కావాలంటే ఖర్చు పెరుగుతుంది. ఎయిర్‌స్పై ఆర్2, ఎస్‌డీఆర్‌ప్లే ఆర్‌ఎస్‌పీ రకాలు సెకనుకు కోటి శాంపిళ్ల దాకా ఇస్తాయి, 8 మెగాహెర్ట్జ్‌కు సరిపోతుంది. హ్యాక్‌ఆర్‌ఎఫ్ వన్ రెండు కోట్ల దాకా ఇస్తుంది గానీ అదీ ఆర్‌టీఎల్‌లాగే 8 బిట్లదే (ఒక్కో కొలతను 8 బిట్ల అంకెలో రాస్తుంది). వెడల్పు ఎక్కువ, నాణ్యత ఆర్‌టీఎల్‌కు అటూఇటూ. నా మట్టుకు టీవీ కోసమే అయితే హ్యాక్‌ఆర్‌ఎఫ్ కన్నా 12, 14 బిట్లవే మేలు.

ఆంటెన్నా?

మేడ మీద పాత యూహెచ్‌ఎఫ్ యాగీ (చేపముల్లులాంటి టీవీ ఆంటెన్నా) ఉంటే అదే తీసుకోండి. లేకపోతే రెండు చేతుల డైపోల్ చేసుకోవచ్చు. ఒక్కో చేయి పొడవు సెంటీమీటర్లలో కావాలంటే 7125ను మెగాహెర్ట్జ్‌తో భాగించండి. 550కి సుమారు 13 సెంటీమీటర్లు, 200కి 36. టీవీ ప్రసారాలు ఎక్కువగా అడ్డంగా పోలరైజ్ అయి ఉంటాయి, డైపోల్‌నూ అడ్డంగానే పెట్టండి.

టీవీ వైరు 75 ఓమ్‌లు, డాంగిల్ 50 ఓమ్‌లు, ఎలా అని టెన్షన్ పడొద్దు. ఆ తేడా వల్ల పోయేది 0.2 డెసిబెల్ కూడా ఉండదు. తుప్పు పట్టిన కనెక్టర్ అంతకంటే ఎక్కువ తినేస్తుంది.

సాఫ్ట్‌వేర్ ఏది?

కళ్లతో చూడటానికి ఎస్‌డీఆర్ ప్లస్ ప్లస్, ఎస్‌డీఆర్ షార్ప్, జీక్యూఆర్‌ఎక్స్‌లలో ఏదైనా ఒకటి. బ్యాండ్ మొత్తాన్ని ఊడ్చి ఫైల్‌లో పెట్టడానికి డ్రైవర్‌తో పాటే వచ్చే ఆర్‌టీఎల్ పవర్. లెక్కలకు పైథాన్. పెద్ద పనులకు గ్నూ రేడియో ఉంది. దాని టీవీ విభాగంలో డీవీబీ-టీ, అమెరికా ఏటీఎస్‌సీ రిసీవర్ల బ్లాకులు సిద్ధంగా దొరుకుతాయి. డీవీబీ-టీ2కు మాత్రం అందులో పంపే వైపు బ్లాకులే ఉన్నాయి.

స్పెక్ట్రమ్‌లో కనిపించేది టీవీయో కాదో ఎలా పోల్చుకోవాలి?

ఆకారం, వెడల్పు కలిపి చూడాలి. డీవీబీ-టీ2 పైభాగం బల్లపరుపుగా, అంచులు నిట్టనిలువుగా ఉంటాయి. 8 మెగాహెర్ట్జ్ ఛానల్‌లో నిండేది 7.61 మెగాహెర్ట్జ్, విస్తరించిన క్యారియర్ మోడ్‌లో 32కే (ఛానల్‌ను ఎన్ని సన్నటి క్యారియర్లుగా విడగొట్టారో సూచించే మోడ్‌ల పేర్లు 8కే, 16కే, 32కే) అయితే 7.77. రాత్రీ పగలూ కదలదు, మెదలదు.

కొత్తవాళ్లు మోసపోయేది మొబైల్ సిగ్నళ్ల దగ్గర. అవీ ఓఎఫ్‌డీఎమ్ (సమాచారాన్ని వేలాది సన్నటి క్యారియర్ల మీద పంచి పంపే పద్ధతి) రకమే కాబట్టి రూపం ఇలాగే ఉంటుంది. 758 నుంచి 803 మెగాహెర్ట్జ్ మధ్య కనిపించేది జియో 700 బ్యాండ్ 5జీ కావచ్చు. 870 పైన ఉన్నవీ మొబైల్ టవర్లే. వాటి వెడల్పు 7.6 దగ్గర ఆగదు, పైగా వాడకాన్ని బట్టి వాటర్‌ఫాల్‌లో (స్పెక్ట్రమ్ కాలంతో పాటు ఎలా మారుతోందో చూపే జారే చిత్రంలో) మినుకు మినుకుమంటుంటాయి.

పాత పాల్ (మన దేశంలో వాడిన అనలాగ్ టీవీ పద్ధతి) అయితే గుర్తుపట్టడం ఇంకా తేలిక. ఛానల్ కింది అంచు నుంచి 1.25 మెగాహెర్ట్జ్ పైన బొమ్మ క్యారియర్ ముల్లులా పొడుచుకొస్తుంది. దానికి 5.5 మెగాహెర్ట్జ్ పైన శబ్దం ఉంటుంది.

పైభాగం బల్లపరుపుగా లేదు, గుంటలు గుంటలుగా ఉంది. డాంగిల్ పాడైందా?

డాంగిల్ బాగానే ఉంది. ఇంత చవక పరికరం మీకు చూపించగలిగే అందమైన విషయం ఇదే. ట్రాన్స్‌మిటర్ నుంచి నేరుగా వచ్చిన సిగ్నల్‌తో పాటు ఏ భవనానికో, గుట్టకో తగిలి వచ్చిన సిగ్నల్ కూడా ఆంటెన్నాను చేరుతుంది. కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర రెండూ కలుస్తాయి, కొన్ని చోట్ల ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కొట్టేసుకున్న చోట గుంట పడుతుంది.

పక్కపక్క గుంటల మధ్య దూరాన్ని కొలవండి. అది 1 మెగాహెర్ట్జ్ అయితే రెండో సిగ్నల్ ఒక మైక్రోసెకను ఆలస్యంగా వచ్చినట్టు, అంటే 300 మీటర్లు ఎక్కువ ప్రయాణించినట్టు. 2 మెగాహెర్ట్జ్ అయితే 150 మీటర్లు. అంత దూరంలో భవనం ఉందని కాదు. ట్రాన్స్‌మిటర్ ఎదురుగా ఉండి, మీ వెనక 75 మీటర్ల దూరంలో గోడ ఉన్నా పోయి రావడానికి 150 అవుతుంది. ఆంటెన్నాను అటూ ఇటూ తిప్పుతూ గుంట ఎప్పుడు మాయమవుతుందో చూస్తే, ప్రతిబింబం ఏ వైపు నుంచి వస్తోందో దొరికిపోతుంది.

పాత టీవీలో మనిషి పక్కన ఇంకో మనిషి నీడలా కనిపించేవాడే, దానికీ కారణం ఇదే. పాల్ టీవీలో ఒక గీతలో కనిపించే భాగం 52 మైక్రోసెకన్లు. 52 సెంటీమీటర్ల వెడల్పున్న తెర మీద 300 మీటర్ల తేడా ఒక సెంటీమీటరు పక్కన పడేది. డిజిటల్‌లో గార్డ్ ఇంటర్వెల్ ఉండబట్టి ఆ నీడ బొమ్మలోకి రాదు గానీ స్పెక్ట్రమ్‌లోంచి ఎక్కడికీ పోలేదు. గుంటలు వాటర్‌ఫాల్‌లో వాలుగా జారుతుంటే ప్రతిబింబించే వస్తువు కదులుతున్నట్టు. విమానాశ్రయం దగ్గరివాళ్లకు ఇది తరచుగా కనిపిస్తుంది.

2.4 మెగాహెర్ట్జ్ ముక్కతోనే ట్రాన్స్‌మిటర్ ఏ మోడ్‌లో ఉందో చెప్పొచ్చా?

చెప్పొచ్చు. ఓఎఫ్‌డీఎమ్‌లో ప్రతి సింబల్ (ఒక్కసారికి పంపే సమాచారపు ముక్క) చివరి భాగాన్ని నకలు తీసి మొదట్లో అతికిస్తారు. అదే గార్డ్ ఇంటర్వెల్. ఛానల్‌లో ఏ ముక్క కోసినా ఆ నకలు అందులోనూ ఉంటుంది. కాబట్టి రికార్డు చేసిన సిగ్నల్‌ను కొంత ఆలస్యం చేసిన తన నకలుతోనే పోల్చి చూస్తే, సరైన ఆలస్యం దగ్గర పోలిక ఒక్కసారిగా పైకి లేస్తుంది.

8 మెగాహెర్ట్జ్ ఛానల్‌లో 8కే మోడ్‌కు ఆ ఆలస్యం 896 మైక్రోసెకన్లు, 16కేకు 1792, 32కేకు 3584. సెకనుకు 24 లక్షల శాంపిళ్ల లెక్కన ఇవి సుమారు 2150, 4301, 8602 శాంపిళ్లు. 7 మెగాహెర్ట్జ్ ఛానలైతే 8కే దగ్గర 896కు బదులు 1024 అవుతుంది.

పైథాన్‌లో ఐదారు వరుసల పని. సిగ్నల్‌ను, ఆలస్యం చేసిన దాని కాంజుగేట్‌తో (సంయుగ్మ సంకీర్ణ రూపంతో) గుణించి సగటు తీయడమే. ముందుగా సిగ్నల్ సగటును తీసేయండి, లేకపోతే డాంగిల్ తనే పుట్టించే, స్పెక్ట్రమ్ మధ్యలో ఉండే డీసీ ముల్లు అన్ని ఆలస్యాల దగ్గరా పోలిక ఉన్నట్టు మభ్యపెడుతుంది. శాంపిళ్లు జారిపోతున్నాయేమో ఆర్‌టీఎల్ టెస్ట్‌తో చూసుకోండి. యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగా పెడితే చాలాసార్లు కుదురుకుంటుంది.

మోడ్ తెలిశాక ఆ ఆలస్యాన్ని అలాగే ఉంచి, పోలిక కాలంతో పాటు ఎలా లేచి పడుతోందో చూడండి. రెండు లేవడాల మధ్య కాలమే పూర్తి సింబల్. 32కేలో అది 3612 మైక్రోసెకన్లయితే గార్డ్ ఇంటర్వెల్ 1/128, 3808 అయితే 1/16. మొదటిది చాలా చిన్నది కాబట్టి కొన్ని సెకన్ల రికార్డింగ్‌ను సగటు తీయాల్సి వస్తుంది. గార్డ్ పెద్దదిగా పెట్టారంటే దూరం నుంచి వచ్చే ప్రతిబింబాలను, లేదా ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిచే ఇంకో ట్రాన్స్‌మిటర్‌ను దృష్టిలో పెట్టుకున్నారని అర్థం. ఒక్క బొమ్మ కూడా చూడకుండా ప్రసార ఇంజినీర్ నిర్ణయం మీకు తెలిసిపోయింది.

కేబుల్ టీవీ వైరును పెట్టి చూడొచ్చా?

మీరు డబ్బు కట్టే మీ ఇంటి కనెక్షన్ అయితే చూడొచ్చు. మన కేబుల్ డీవీబీ-సీ (డీవీబీలో కేబుల్ రకం). ఎక్కువగా 64 క్యూఏఎమ్ (సిగ్నల్ బలం, దశ మార్చి సమాచారం పంపే పద్ధతి), 8 మెగాహెర్ట్జ్ ఛానళ్లు, పక్కపక్కనే వరసగా పేర్చి ఉంటాయి. ఇక్కడ ఓ చిన్న కిటుకు ఉంది. ఛానల్ రెండు అంచుల దగ్గరా బలం సగానికి, అంటే మూడు డెసిబెల్‌లు తగ్గే చోట్లను గుర్తించండి. ఆ రెండింటి మధ్య దూరమే సింబల్ రేటు, అంటే సెకనుకు పంపే సింబళ్ల సంఖ్య. డాంగిల్‌ను ఒకసారి కింది అంచు మీద, ఇంకోసారి పై అంచు మీద పెట్టి కొలిస్తే సరి. మన దగ్గర తరచుగా వచ్చే జవాబు 6.875 మెగాహెర్ట్జ్ (సెకనుకు 68.75 లక్షల సింబళ్లు) దగ్గర ఉంటుంది. అంచుల వంపు 15 శాతం కలిపితే 7.9, అందుకే 8లో ఇముడుతుంది.

రెండు జాగ్రత్తలు. కేబుల్ సిగ్నల్ గాలిలో వచ్చేదానికంటే చాలా బలంగా ఉంటుంది కాబట్టి 10 లేదా 20 డెసిబెల్ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను తగ్గించే భాగం) పెట్టండి. కేబుల్ వైరు ముట్టుకుంటే జిల్లుమనే ఇళ్లు మన దగ్గర తక్కువేం కాదు. అలాంటి చోట ఐసోలేటర్ లేకుండా ల్యాప్‌టాప్‌కు తగిలించొద్దు.

అనలాగ్ బొమ్మను ఇంట్లోనే చూసే దారి ఉందా?

ఆర్‌ఎఫ్ అవుట్ ఉన్న పాత వీసీఆర్, వీడియో గేమ్, సెట్‌టాప్ బాక్స్ ఏదైనా వెతకండి. మధ్యలో అటెన్యుయేటర్ పెట్టి వైరుతోనే డాంగిల్‌కు కలపండి, ఆంటెన్నాకు తగిలించి గాలిలోకి వదలొద్దు. క్యారియర్‌కు అటూ ఇటూ 15,625 హెర్ట్జ్ దూరాల్లో గీతలు వరుసకట్టి కనిపిస్తాయి. అది పాల్ గీతల వేగం, 625ను 25తో గుణిస్తే వచ్చేది. టీవీ షార్ప్ లాంటి ప్రోగ్రామ్‌తో బొమ్మ కూడా వస్తుంది. నలుపు తెలుపుల్లో, మసకగా. క్యారియర్ మధ్యలో ఉంటే వీడియోకు దక్కేది 1.2 మెగాహెర్ట్జ్, అంటే ఒక గీతలో 125 చుక్కలకు మించి ఇమడవు. రంగు 4.43 దగ్గర ఉంటుంది కాబట్టి అది కిటికీ బయటే ఉండిపోతుంది.

మేం అమెరికాలో ఉంటాం. అక్కడ ఏం చూడాలి?

మీకు ఈ పని ఇంకా సులువు. ఏటీఎస్‌సీ ఛానల్ వెడల్పు 6 మెగాహెర్ట్జ్, కింది అంచు నుంచి 309.441 కిలోహెర్ట్జ్ పైన పైలట్ అనే సన్నటి గీత ఎప్పుడూ ఉంటుంది. 14వ ఛానల్ 470 దగ్గర మొదలవుతుంది కాబట్టి దాని పైలట్ 470.309 మెగాహెర్ట్జ్. బొమ్మ రానంత బలహీనమైన స్టేషన్ పైలట్ కూడా బాగా జూమ్ చేస్తే కనిపిస్తుంది. వాతావరణం అనుకూలించిన రాత్రుల్లో ఒకే ఛానల్ మీద కొన్ని హెర్ట్జ్ తేడాతో రెండు పైలట్లు కనిపిస్తే, వేరే ఊరి స్టేషన్ కూడా వస్తున్నట్టు. పైలట్ లేకుండా బల్లపరుపుగా ఉంటే అది కొత్త ఏటీఎస్‌సీ 3.0 కావచ్చు, అది ఓఎఫ్‌డీఎమ్.

ఫ్రీక్వెన్సీలు పక్కకు జరిగి కనిపిస్తున్నాయి.

డాంగిల్ క్రిస్టల్ తేడా. 50 పీపీఎం తప్పుంటే 550 మెగాహెర్ట్జ్ దగ్గర 27.5 కిలోహెర్ట్జ్ పక్కకు పోతుంది. డాంగిల్‌ను ఇరవై నిమిషాలు వేడెక్కనిచ్చి, 900 బ్యాండ్ జీఎస్ఎమ్ టవర్‌తో సరిచూసే కాలిబ్రేట్ ప్రోగ్రామ్ వాడండి. అమెరికాలో అయితే పైలట్ గీతే చాలు. వేసవిలో మేడ మీద, ఏసీ గదిలో వచ్చే అంకెలు ఒకటి కావు.

లేని చోటల్లా సిగ్నళ్లు కనిపిస్తున్నాయి.

ఓవర్‌లోడ్. 8 బిట్ల పరికరానికి బలమైనదాన్నీ బలహీనమైనదాన్నీ కలిపి చూసే శక్తి 50 డెసిబెల్‌ల దగ్గర ఆగిపోతుంది. ఊళ్లోని ఎఫ్‌ఎం స్టేషన్ ఒక్కటి చాలు నాయిస్ మట్టాన్ని పైకి లేపడానికి. 88 నుంచి 108ని ఆపే ఫిల్టర్ దొరుకుతుంది, కొనుక్కోండి. ఆటోమేటిక్ గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదును డాంగిలే మార్చుకోవడం) ఆపేయండి. గెయిన్‌ను పది డెసిబెల్‌లు తగ్గించినప్పుడు నిజమైన సిగ్నల్ కూడా పదే తగ్గుతుంది. ముప్పై తగ్గిందంటే అది డాంగిల్ లోపల పుట్టిన దొంగ సిగ్నల్. ఛానల్ అంచుల పక్కన కనిపించే భుజాల్లాంటి ఎత్తులకూ ఇదే పరీక్ష పెట్టండి, లేకపోతే తప్పు మీ గెయిన్‌ది, నింద ట్రాన్స్‌మిటర్‌కు.

డీటీహెచ్ డిష్‌ను కలపొచ్చా?

నేరుగా కలిపితే డాంగిల్ కాలిపోతుంది. సెట్‌టాప్ బాక్స్ ఆ వైరులో ఎల్‌ఎన్‌బీకి (డిష్ ముందు ఉండే రిసీవర్‌కు) 13 లేదా 18 వోల్టులు పంపుతుంది. స్ప్లిటర్‌తో పాటు డీసీ బ్లాక్ (వోల్టేజీని ఆపి సిగ్నల్‌ను మాత్రం వదిలే భాగం) తప్పనిసరి. ఎల్‌ఎన్‌బీ సిగ్నల్‌ను 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్‌లోకి దించుతుంది, ఆర్820టీ2 సుమారు 1766 దాకా వెళ్తుంది. డీడీ ఫ్రీ డిష్ 11,090 ట్రాన్స్‌పాండర్ నుంచి 9,750 తీసేస్తే 1,340 దగ్గర ఉండాలి. దాని వెడల్పు ముప్పై మెగాహెర్ట్జ్ పైమాటే కాబట్టి ఒక ముక్కలో తేలేదేమీ లేదు, ఆర్‌టీఎల్ పవర్‌తో ఊడ్చి చూడాలి.

ఉపగ్రహ టీవీ మొదట్లో ఇంత పైన ఫ్రీక్వెన్సీల్లో ఉండేది కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు నడిచిన సైట్ (ఉపగ్రహ బోధన టీవీ) ప్రయోగంలో నాసా ఏటీఎస్-6 ఉపగ్రహం 860 మెగాహెర్ట్జ్ మీద పల్లెలకు నేరుగా ప్రసారం చేసింది. అందులో మన పల్లెలకు తెలుగు కార్యక్రమాలూ ఉన్నాయి. టీవీ సెట్లు తయారుచేసింది హైదరాబాద్ ఈసీఐఎల్. కోళ్లగూటి వలతో చేసిన మూడు మీటర్ల డిష్‌తో అందుకునేవారు. ఆ ఫ్రీక్వెన్సీ ఈ డాంగిల్ నడిమధ్యలో పడుతుంది.

చట్టం సంగతి?

ఉచిత ప్రసారాల సిగ్నల్‌ను అందుకుని కొలవడం వరకు ఇబ్బంది లేదు. ఇంట్లో రేడియోకీ టీవీకీ లైసెన్సులు కట్టే పద్ధతి 1980ల్లోనే పోయింది. పే ఛానళ్ల ఎన్‌క్రిప్షన్ జోలికి పోవద్దు, స్పెక్ట్రమ్ రూపం చూడటానికి దాని అవసరం కూడా లేదు. హ్యాక్‌ఆర్‌ఎఫ్, ప్లూటో లాంటివి సిగ్నల్‌ను పంపగలవు. లైసెన్స్ లేకుండా గాలిలోకి పంపడం నేరం. హ్యామ్ లైసెన్స్ ఉన్నా టీవీ బ్యాండ్‌లలో పంపే హక్కు రాదు.

రికార్డింగ్‌కు డిస్క్‌లో ఎంత చోటు కావాలి?

ఆర్‌టీఎల్‌తో 24 లక్షల రేటులో సెకనుకు 4.8 మెగాబైట్లు, నిమిషానికి 288. హ్యాక్‌ఆర్‌ఎఫ్ పూర్తి వేగంలో నిమిషానికి 2.4 గిగాబైట్లు, పాత హార్డ్ డిస్క్ అయితే మధ్యలో చేతులెత్తేస్తుంది. పైన చెప్పిన గార్డ్ ఇంటర్వెల్ లెక్కకు పది సెకన్లు ఎక్కువే. ఫైల్ పేరులోనే మధ్య ఫ్రీక్వెన్సీ, శాంపిల్ రేటు, గెయిన్, తేదీ రాసుకోండి. పచ్చి శాంపిళ్ల ఫైల్ లోపల ఆ వివరాలేవీ ఉండవు.